ట్రాక్టర్ స్ప్రేయర్ - పాఠం 4: ప్రెజర్ పెంచితే లెక్క కుదరదు

ఈసారి బూమ్ (నాజిళ్లు, అంటే తుంపర వచ్చే మూతులు, వరుసగా బిగించిన అడ్డ కడ్డీ) ఎత్తు గురించి చెప్పాలనుకున్నాను. కానీ ఎకరానికి ఎన్ని లీటర్లు పడాలో చెప్పిన గత పాఠం లెక్కతో పొలంలోకి దిగినవాళ్లలో చాలామందికి ఎకరం పూర్తయ్యాక ట్యాంకులో నీళ్లు మిగిలిపోయాయి. వెంటనే ప్రెజర్ పెంచేశారు. ముందు దీని సంగతి చూద్దాం. బూమ్ ఎత్తుకు ఒక్క మాట చాలు: ఒకదానికొకటి 50 సెంటీమీటర్ల దూరంలో ఉన్న, 110 డిగ్రీల కోణంలో తుంపర విచ్చుకునే నాజిళ్లకు, పైరు తలల నుంచి 50 సెంటీమీటర్లు. పచ్చికైతే గడ్డి కొనల నుంచి కొలవండి. ట్రాక్టర్‌కి తగిలించడం, పీటీఓ షాఫ్టుకి (ఇంజిన్ శక్తిని పంపుకి అందించే తిరిగే కడ్డీకి) గార్డు వేయడం మీకు తెలిసినవే.

మన లెక్క మళ్లీ చూడండి. పసుపు రంగు 02 సైజు నాజిల్ 3 బార్ ప్రెజర్ దగ్గర నిమిషానికి 0.8 లీటరు ఇస్తుంది. 50 మీటర్లు 30 సెకన్లలో దాటితే నిమిషానికి 100 మీటర్లు. ఒక్కో నాజిల్ అరమీటరు వెడల్పు తడుపుతుంది కాబట్టి నిమిషంలో 50 చదరపు మీటర్లు. ఎకరమంటే 4047 చదరపు మీటర్లు. సుమారు 65 లీటర్లు పడాలి.

అదే 50 మీటర్లు 24 సెకన్లలో దాటేస్తే ఎకరానికి 52 లీటర్లే పడతాయి. 13 లీటర్లు మిగిలింది ఇందుకే. తప్పు వేగంలో ఉంటే ప్రెజర్‌ని పట్టుకుని లాభం లేదు.

ప్రెజర్ రెట్టింపు చేస్తే నీళ్లు రెట్టింపు రావు, సుమారు 1.4 రెట్లే వస్తాయి. రెట్టింపు కావాలంటే ప్రెజర్ నాలుగింతలు కావాలి. పై లెక్కలో ఆ లోటు పూడ్చాలంటే 3 బార్ నుంచి దాదాపు 4.7 బార్‌కి ఎక్కించాలి. అప్పుడు బూమ్ చివర చూడండి: చినుకులు పొగలా మారి గాలి ఎటుంటే అటు పోతుంటాయి. అది కలుపు మందైతే పక్క చేను మాడిపోతుంది. ప్రెజర్ ఉన్నది చినుకు సైజును, విసనకర్రలా విచ్చుకునే తుంపరను సరిచేయడానికి. నీళ్ల కొలత మార్చాలంటే గేరు మార్చండి, లేదా నాజిల్ మార్చండి. ఊదా రంగు 025 నాజిల్ అదే 3 బార్‌లో నిమిషానికి ఒక లీటరు ఇస్తుంది. 24 సెకన్ల వేగానికి సరిగ్గా సరిపోతుంది.

నేనైతే గేరే తగ్గిస్తాను. ఎక్సలరేటర్ మాత్రం తగ్గించను. పీటీఓ 540 ఆర్‌పీఎం నుంచి పడిపోతే పంపు నీరసపడుతుంది, ట్యాంకులో మందు కలియతిరగడం కూడా తగ్గుతుంది. కుదిరిన గేరు, ఆర్‌పీఎం, సెకన్లు మడ్‌గార్డు లోపలివైపు పెయింటుతో రాసి పెట్టుకుంటాను. కాగితం ఎప్పుడూ సమయానికి దొరకదు.

ఇక అభ్యాసం. మందు వద్దు, మంచినీళ్లే. ట్యాంకు సగం నింపి, పొలంలోనే 50 మీటర్లు కొలిచి గుర్తులు పెట్టండి. రోడ్డు మీద కొలిస్తే చక్రం జారడం లెక్కలోకి రాదు. గుర్తుకి ముందు నుంచే బండి నడుస్తూ రావాలి. మూడు గేర్లలో, ఒక్కోదానికి రానూపోనూ, సెకన్లు రాయండి. తర్వాత బండి ఆపి, పంపు నడుస్తుండగా, ప్రతి నాజిల్ కింద కొలత జగ్గు ఒక నిమిషం పట్టండి. అవును, ప్రతి నాజిల్ కిందా. కొత్తదాని కంటే 10 శాతం ఎక్కువ పోసేదాన్ని తీసేయండి. తక్కువ పోసేదాన్ని మెత్తటి బ్రష్‌తో కడగండి. తీగ పెట్టి పొడవొద్దు, నోటితో ఊదొద్దు. మూడు గేర్లకూ ఎకరానికి ఎన్ని లీటర్లో తేలాకే తర్వాతి పాఠం తెరవండి, అందులో మందు కలుపుతాం.