ఉచితాలు, పన్నులు, కోతలు: ఇంట్లో ఈ వాదన లేస్తే గొడవ అవ్వకుండా ఎలా మాట్లాడాలి

మా వైజాగ్‌లో ఈ టాపిక్ ఎక్కడైనా లేస్తుంది. బీచ్ రోడ్డులో పొద్దున్న వాకింగ్ అయ్యాక టీ దగ్గర, రైతుబజార్ క్యూలో, పెళ్లి భోజనాల్లో. ఒకరు "మన టాక్సులన్నీ ఉచితాలకే పోతున్నాయండీ" అంటారు, ఇంకొకరు "అయితే పేదోళ్ళు బతక్కూడదేటి" అంటారు, రెండు నిమిషాల్లో అది పార్టీల మీదకి, అక్కడ్నుంచి కులం మీదకి వెళ్ళిపోద్ది. గాజువాకలో మా బావ వాళ్ళింట్లో సంక్రాంతికి అలాగే అయింది, గారెలు చల్లారిపోయాయి, అక్క మొహం చిన్నబోయింది. అప్పట్నుంచి నేను కొన్ని పద్ధతులు పెట్టుకున్నా, పని చేస్తున్నాయి కాబట్టి రాస్తున్నా. నా పక్షం ముందే చెప్పేస్తా, నేను పెన్షన్లు ఉండాలనే మనిషిని. అలాగని లెక్క అడిగేవాడిని శత్రువులా చూడటం మహా తప్పని కూడా నమ్ముతా.

ముందు "ఉచితాలు" అనే మాటని విడగొట్టించండి. "అన్నీ వద్దు బావా, ఒక్కటి చెప్పు, ఏది ఆపాలంటావ్?" అని అడగండి. 1983లో ఎన్టీఆర్ పెట్టిన కిలో 2 రూపాయల బియ్యం, 2007లో రాజశేఖర రెడ్డి టైములో వచ్చిన ఆరోగ్యశ్రీ, ఇప్పుడిస్తున్న 4,000 పెన్షన్, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు, ఇవన్నీ ఒకే గంపలో వేసి తిడితే గానీ పొగిడితే గానీ తేలేది ఏమీ ఉండదు. ఒక్కోదానికి ఒక్కో ప్రశ్న ఉంది. బియ్యం అయితే తినేవాళ్ళకే చేరుతోందా, మళ్ళీ మిల్లుకి పోతోందా. బస్సు అయితే ఆర్టీసీకి ఆ డబ్బు ప్రభుత్వం టైముకి కడుతోందా, ఉన్న బస్సులు సరిపోతున్నాయా. పెన్షన్ అయితే అర్హత లేనివాళ్ళు ఎంతమంది లోపల ఉన్నారు, అర్హత ఉండి ఎంతమంది బయట ఉన్నారు. అవతలి మనిషి ఒక్క పథకం పేరు చెప్పగానే గొంతు సగం తగ్గుతుంది, చూసుకోండి.

పెన్షన్ గురించి మాట్లాడేముందు మాత్రం ఒకసారి 1వ తారీకు పొద్దున్న పంపిణీ చూడండి. మా పక్కింటి మామ్మగారు ఫిషింగ్ హార్బర్‌లో చేపలు అమ్మి అమ్మి వేళ్ళు అరిగిపోయాయి, ఉప్పూ ఐసూ కదా. సచివాలయం అమ్మాయి మిషన్ మీద వేలు పెట్టమంటే పడదు, చీర కొంగుతో తుడిచి మళ్ళీ పెడతారు, అయినా పడదు, ఆఖరికి మొహం చూపిస్తే పడుతుంది. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి బీపీ బిళ్ళలకి ఇంత, గ్యాస్‌కి ఇంత, ఫోన్ రీచార్జ్‌కి ఇంత అని పక్కకి తీసి, 200 మడిచి పోపుల పెట్టెలో పెడతారు. ఆ 4,000 పెన్షన్‌లో కేంద్రం వాటా ఎంతో చాలామందికి తెలీదు. దారిద్ర్య రేఖ కింద ఉన్న 60 నుంచి 79 ఏళ్ళ వాళ్ళకి కేంద్రం ఇచ్చేది నెలకి 200, అదీ 2007 నుంచి మారలేదు. మిగతాదంతా రాష్ట్రమే వేసుకుంటోంది. ముసలితనంలో, జబ్బులో, పని లేనప్పుడు ప్రభుత్వం ఆదుకోవాలని రాజ్యాంగం 41వ అధికరణంలోనే రాసుంది, తన శక్తి మేరకు అని కూడా అక్కడే రాసుంది. ఆ రెండో ముక్క దాచకండి, అసలు వాదన అక్కడే ఉంది.

పెద్ద లెక్క కూడా దాచకండి. పెన్షన్లు తీసుకునేవాళ్ళు 60 లక్షల పైచిలుకు, నెలకి 2,700 కోట్లకి అటూ ఇటూగా పోతుంది. 2025-26 రాష్ట్ర బడ్జెట్ 3.22 లక్షల కోట్లు, అంటే దాదాపు పదో వంతు. అదే బడ్జెట్‌లో రోడ్లు, ప్రాజెక్టులు లాంటి శాశ్వతమైనవాటికి పెట్టింది సుమారు 40 వేల కోట్లు. ఈ అంకెలు మీకు ఇబ్బందిగా ఉన్నా మీరే ముందు బయట పెట్టండి. నేనలా చేసినప్పుడు మా బావ, "అయితే నీకూ తెలుసన్నమాట" అని కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

తర్వాత "టాక్స్ కట్టేది మేమే" అనే మాట వస్తుంది, తప్పకుండా వస్తుంది. దానికి ఉపన్యాసం వద్దు, కిరాణా కొట్టు బిల్లు చాలు. మామ్మగారి రీచార్జ్ మీద 18 శాతం జీఎస్టీ ఉంది. స్కూటర్‌లో పోసే పెట్రోల్ జీఎస్టీలోకి రాదు, దానిమీద మన రాష్ట్రం వ్యాట్ 31 శాతం, పైన లీటరుకి 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి, కేంద్రం ఎక్సైజ్ వేరే. అన్నిటికన్నా నాకు మనసులో గుచ్చుకునేది బియ్యం బస్తా. 2022 జులై నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కేజీల దాకా 5 శాతం పన్ను, ఆపైన లేదు. అందుకే కదా మన కొట్లలో 26 కేజీల బస్తాలు వచ్చింది. ఒకేసారి బస్తా కొనగలిగేవాడికి పన్ను లేదు, చేతిలో ఉన్న డబ్బుకి 5 కేజీల ప్యాకెట్ కొనుక్కునేవాడికి ఉంది. ఇటుపక్క జీతగాళ్ళలో కొత్త పద్ధతిలో 12.75 లక్షల దాకా ఇన్‌కమ్ టాక్స్ కట్టక్కర్లేదు. ఇది చెప్పి ఎవర్నీ చిన్నబుచ్చకండి, టీడీఎస్ కట్ అయిన జీతం చూసుకునేవాడి బాధ కూడా నిజమే.

"ఇలాగే పోతే శ్రీలంక అయిపోతాం" అంటే ఓపిగ్గా చెప్పండి. అక్కడ 2019 చివర్లో వ్యాట్‌ని 15 నుంచి 8 శాతానికి తగ్గించేశారు, ఆదాయం పడిపోయింది, కరోనాతో టూరిజం పోయింది, 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఆపేశారు, డాలర్ల అప్పు తీర్చడానికి డాలర్లు లేవు. అంటే పన్ను కోత కూడా ఆ కథలో ఉంది. మన రాష్ట్రం అప్పు ఎక్కువ భాగం రూపాయల్లోనే, అదీ కేంద్రం ఒప్పుకున్నంతే. అలాగని అప్పు చేసి పప్పుకూడు తింటే వడ్డీ మాత్రం మానదు, అదీ ఒప్పుకోండి.

కోతల గురించి ఒకటి గట్టిగా చెప్పాలి. కోత పెడుతున్నాం అని ఎవ్వరూ ప్రకటించరు, బిల్లు పెండింగ్‌లో పెడతారంతే. ఆరోగ్యశ్రీ బకాయిలు పెరిగితే ఆసుపత్రులు సేవలు ఆపేస్తామంటాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ లేటైతే దెబ్బ పిల్లల మీద పడుతుంది. మా పిన్ని కొడుకు ఇంజినీరింగ్ అయిపోయినా ఆ డబ్బు రాలేదని కాలేజీ వాళ్ళు సర్టిఫికెట్లు ఇవ్వలేదు, చెవి దుద్దులు తాకట్టు పెట్టి కట్టింది పిన్ని. అందుకే "పథకం ఉందా లేదా" అని ఆగిపోకుండా "డబ్బు ఏ నెల వరకు విడుదలైంది" అని అడగడం నేర్చుకోండి.

సబ్సిడీ అంటే పేదవాడికి ఇచ్చేదే అనుకోవడం కూడా ఆపించాలి. 2019లో మినహాయింపులు వదులుకున్న కంపెనీలకి పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గించారు, ఏడాదికి 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నామని అప్పుడు ప్రభుత్వమే చెప్పింది. మన రుషికొండ దగ్గర టీసీఎస్‌కి 21.16 ఎకరాలు 99 పైసలకి ఇచ్చారు. స్టీల్ ప్లాంట్‌కి 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది, ఊరంతా సంతోషించాం, నేనూ సంతోషించాను. మరి మన ప్లాంట్‌కి వచ్చింది హక్కు, మామ్మకి వచ్చింది ఉచితం అంటే ఎలా కుదురుతుంది?

ఆఖర్న ఒక కాగితం, పెన్ను తీయండి. "నువ్వైతే ఏది కోస్తావ్, ఎవరి నుంచి ఎక్కువ తీసుకుంటావ్" అని అడిగి రాయించండి, మీరూ రాయండి. పార్టీల పేర్లు కాగితం మీదకి రాకూడదు, ఆ ఒక్క రూలు చాలు. మొన్న బావ ప్రకటనల ఖర్చు, సలహాదారుల జీతాలు అని రాశాడు, నేను 99 పైసల భూముల్ని లీజుకి ఇవ్వాలి అని రాశా. "ఉద్యోగాలు రాకపోతే రేపు పన్నెవడు కడతాడురా" అన్నాడు. మంచి ప్రశ్న. టీసీఎస్ వస్తే వస్తాయని చెప్పిన 12 వేల ఉద్యోగాల్లో ఎన్ని వచ్చాయో చూశాక మాట్లాడదాం అని పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకున్నాం. ఇంతలో వంటింట్లోంచి అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అంగన్‌వాడీ వాళ్ళకిచ్చే 11,500 ఏ లిస్టులో రాశారేటి, ఇద్దరూ మర్చిపోయారు" అంది. 42 రోజులు సమ్మె చేసినోళ్ళు వాళ్ళు. బావ పెన్ను అక్క చేతికిచ్చి పక్కకి జరిగాడు.