గేదర్, అసెంబుల్, బిల్డ్: తప్పు ఎక్కడ పడుతోంది, ఎలా దిద్దుకోవాలి

మనుషుల్ని 'కూడగట్టడం' అనే మాటలోనే మనకు కూడటమూ ఉంది, కట్టడమూ ఉంది. తెలుగులో ఈ రెండు పనులూ అంత దగ్గరివి. ఇంగ్లీషులో రాసేటప్పుడు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఎవరు చేశారు, ఎవరిచేత చేయించారు అన్నది తెలుగులో క్రియ చివర చెప్పేస్తాం: కూడారు, కూర్చారు, కట్టారు, కట్టించారు. ఇంగ్లీషు క్రియకు అలాంటి తోక లేదు. ఆ పనిని మాటల వరుసతోనో, వేరే క్రియతోనో చేయించుకోవాలి.

సమస్య: 'కట్టించాను' అని రాయబోతే అర్థం మారిపోతోంది

'మేస్త్రితో ఇల్లు కట్టించాను' అనే ఉద్దేశంతో చాలామంది 'ఐ హ్యాడ్ బిల్ట్ ఎ హౌస్' అని రాస్తారు. వ్యాకరణం తప్పు కాదు కానీ, దాని అర్థం 'అప్పటికే ఇల్లు కట్టేశాను' అని.

కారణం: 'హ్యాడ్' ఉంటే చాలు 'కట్టించు'లోని 'ఇంచు' వచ్చేసినట్టే అనుకోవడం. నిజానికి ఆ పని చేసేది వరుస.

పరిష్కారం: కట్టించిన వస్తువును 'హ్యాడ్'కూ 'బిల్ట్'కూ మధ్య పెట్టండి. 'ఐ హ్యాడ్ ఎ హౌస్ బిల్ట్' అంటే కట్టించాను. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించాడని రాయాలంటే 'హి హ్యాడ్ చార్మినార్ బిల్ట్' అనాలి. మామూలు మాటల్లో ఇంగ్లీషువాళ్లూ 'హి బిల్ట్ చార్మినార్' అనేస్తారు, అది తప్పు కాదు. అయితే కాంట్రాక్టు, బిల్లు, ఫిర్యాదు లాంటి కాగితాల్లో పని చేసిందెవరో తేలాలి కాబట్టి అక్కడ మొదటి రూపమే వాడండి.

సమస్య: ప్రతి 'కట్టు'కూ 'బిల్డ్' పడిపోతోంది

ఇల్లు కడతాం, చీర కడతాం, ఫీజు కడతాం, తోరణం కడతాం, జట్టు కడతాం. వీటిలో 'బిల్డ్' నేరుగా సరిపోయేది ఇల్లొక్కటే. చీరకు 'వేర్' లేదా 'డ్రేప్', ఫీజుకు 'పే', తోరణానికి 'హ్యాంగ్', జట్టుకు 'ఫామ్'.

పరిష్కారం: పునాది తవ్వి పైకి లేపేది అయితే 'బిల్డ్'. టెండర్లలో, నివేదికల్లో అదే 'కన్‌స్ట్రక్ట్' అవుతుంది. ఇంట్లో మాట్లాడేటప్పుడు ఆ మాట బరువుగా ఉంటుంది. షామియానా, టెంటు లాంటివి రేపు విప్పేసేవి కనుక 'పుట్ అప్'. స్తంభం, సెల్ టవర్, విగ్రహం నిటారుగా నిలబెట్టేవి కనుక 'ఇరెక్ట్'. ఫ్యాను 'ఫిక్స్' చేశాం అంటే మన ఊళ్లో బిగించామని అర్థం, బయటి దేశంలో వినేవాళ్లకు మాత్రం రిపేరు చేశామని అనిపిస్తుంది. వాళ్లకు రాసేటప్పుడు 'ఇన్‌స్టాల్' అనండి.

శంకుస్థాపన దగ్గర మరో పొరపాటు జరుగుతుంది. రాయిని 'పెట్టారు' కదా అని 'కెప్ట్' అని రాస్తారు. పునాదిరాయికి వాడే క్రియ 'లే', భూతకాలంలో 'లెయిడ్'. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు 'లెయిడ్ ద ఫౌండేషన్ స్టోన్'.

సమస్య: 'వియ్ కలెక్టెడ్ ది పీపుల్' అంటే ఎబ్బెట్టుగా ఉంటోంది

కారణం: 'కలెక్ట్' ఎక్కువగా వస్తువులకు, చందాలకు, పన్నులకు వాడే మాట. బడి నుంచి పిల్లల్ని 'కలెక్ట్' చేసుకోవచ్చు, అంటే వెళ్లి తీసుకురావడం. జనాన్ని పోగుచేయడానికి అది సరిపోదు.

పరిష్కారం: ఎవరు పిలిచారు, ఎందుకు పిలిచారు అని చూసుకుని క్రియ ఎంచుకోండి. సగం మాటలు మన నోట్లో ఉన్నవే. గుడి దగ్గర జనం వాళ్లంతట వాళ్లు పోగైతే 'పీపుల్ గేదర్డ్', మీరు పోగుచేస్తే 'వియ్ గేదర్డ్ పీపుల్'. కర్మ వస్తే కూర్చడం, రాకపోతే కూడటం. 'కన్వీనర్ కోటా'లో వినే కన్వీనర్ అంటే సమావేశం పిలిచేవాడు, దాని క్రియ 'కన్వీన్'. దానికి కర్మగా మీటింగో కమిటీయో ఉండాలి. దారినపోయే గుంపుకు అది నప్పదు. కోర్టు నుంచి వచ్చే సమన్లలో ఉన్నది 'సమన్': అధికారంతో రమ్మనడం. రాజ్యాంగం 174వ అధికరణంలో గవర్నర్ శాసనసభను పిలిచేదీ ఈ క్రియతోనే. గుర్తుపెట్టుకోండి, కోర్టు పంపే ఒక్క కాగితాన్ని కూడా 'ఎ సమన్స్' అనే అంటారు. చివరి 'స్' బహువచనం కాదు.

ఉపాధి హామీ పనిలో 'మస్టరు పడిందా' అని అడుగుతాం కదా, ఆ 'మస్టర్' సైనికుల్ని వరుసలో నిలబెట్టి లెక్కపెట్టడం నుంచి వచ్చింది. అందుకే 'మస్టర్ సపోర్ట్' అన్నప్పుడు ఉన్న బలాన్నంతా కూడదీసుకోవడం అనే ఛాయ ఉంటుంది. పార్టీల జనసమీకరణకు 'మొబిలైజ్' సరిపోతుంది.

సమస్య: 'అసెంబుల్' మనుషులకా, వస్తువులకా?

రెండింటికీ. 19వ అధికరణం ఇచ్చే హక్కు శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా 'అసెంబుల్' కావడం. షాపులో చేసేదీ అదే మాట: క్యాబినెట్‌లో మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, పవర్ సప్లై బిగించి అసెంబుల్డ్ కంప్యూటర్ ఇస్తారు. రెంటిలోనూ విడివిడిగా ఉన్నవి ఒకచోట చేరి తమ తమ స్థానాల్లో అమరుతున్నాయి. విడిభాగాలు ముందే తయారై ఉంటేనే ఈ మాట. వడ్రంగి చెక్క కోసి మంచం చేస్తే 'మేడ్' అనాలి. డబ్బాలో వచ్చిన మంచాన్ని బోల్టులు బిగించి నిలబెడితే 'అసెంబుల్డ్'.

సమస్య: 'వాజ్ ఫౌండ్ ఇన్ 1918'

ఉస్మానియా విశ్వవిద్యాలయం గురించి ఇలా రాస్తే, అది 1918లో దొరికిందని అర్థం వస్తుంది. దొరకడానికి 'ఫైండ్, ఫౌండ్, ఫౌండ్'. స్థాపించడానికి 'ఫౌండ్, ఫౌండెడ్, ఫౌండెడ్'. సంస్థ పేరు పక్కన 'ఫౌండ్' కనిపిస్తే 'స్థాపించారు' అని పెట్టి చదవండి. అర్థం కుదిరితే చివర 'ఎడ్' చేర్చాలి.