పదో తరగతి అయ్యాక ఏం చదవాలి: కాగితం మీద తేల్చుకునే పద్ధతి

నేను మార్కాపురం దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. 19 ఏళ్ల సర్వీసులో 11 సార్లు పదో తరగతికి క్లాస్ టీచర్‌ని. మాది పలకల ఊరు. చిన్నప్పుడు మీరు అఆలు దిద్దిన రాతి పలక మా వైపు గనుల నుంచి వచ్చిందే అయ్యుండొచ్చు. మా నాన్న పలకల ఫ్యాక్టరీలో చెక్క ఫ్రేములు బిగించేవాడు. రోజుకి వందల పలకలు ఆయన చేతుల మీదుగా పోయేవి. సంతకం పెట్టడం మాత్రం మా అక్క నేర్పితే వచ్చింది.

ఏటా పదో తరగతి పరీక్షలకు ముందే జూనియర్ కాలేజీల పీఆర్వోలు పిల్లల ఇళ్ల చుట్టూ తిరగడం మొదలుపెడతారు. చేతిలో రంగుల పాంప్లెట్, నోట్లో ర్యాంకులు. వాళ్లు గడప తొక్కేలోపే, అంటే సంక్రాంతి సెలవుల్లోపే, మా పిల్లలతో ఒక కాగితం పని చేయిస్తాను. ఇంట్లో మీరూ చేయించవచ్చు. ఒక తెల్ల కాగితం, పెన్సిల్, రబ్బరు, రెండు మూడు సెలవు రోజులు, కాస్త బస్సు చార్జీ ఉంటే చాలు.

ముందు ఒక్క వాక్యం రాయించండి

"పెద్దయ్యాక ఏమవుతావ్?" అని అడగకండి. నేను ఎనిమిదేళ్లు అదే అడిగాను. క్లాసులో సగం మంది డాక్టరు, మిగతా సగం పోలీసు, ముందు బెంచీ వాళ్లు కలెక్టరు. అది వాళ్ల కోరిక కాదు, మనల్ని సంతోషపెట్టే జవాబు.

ఆ ప్రశ్నతోనే 2015లో ఒక అమ్మాయికి అన్యాయం చేశాను. లెక్కల్లో పదికి పది పాయింట్లు వచ్చాయి. "ఇంజినీర్ అవుతా మేడమ్" అంది. "అయితే ఎంపీసీ" అన్నాను, అంతే. రెండు నిమిషాల్లో తేల్చేశాను. వాళ్ల నాన్న అప్పు చేసి ఎక్కడో సిటీలో హాస్టల్ ఉన్న కాలేజీలో వేశాడు. దసరాకి వచ్చిన పిల్ల మళ్లీ వెళ్లనంది. కట్టిన ఫీజులో రూపాయి వెనక్కి రాలేదు. తర్వాత నెమ్మదిగా అడిగితే తెలిసింది, ఇంజినీర్ అంటే ఏం చేస్తారో ఆ పిల్లకి తెలియదు. వాళ్ల పెద్దమ్మ కొడుకు చదువుతున్నాడు కాబట్టి చెప్పిందట. ఆ పిల్లకి నిజంగా చేతనైంది మిర్చి చేను. మిర్చికి వచ్చే ఆకుముడత తెగులుకీ బొబ్బర తెగులుకీ తేడా వాళ్ల నాన్న కంటే ముందు కనిపెట్టేది. ఆ ముక్క నేను అడగలేదు, తను చెప్పలేదు.

ఇప్పుడు నేను అడిగేది ఒకటే: "నాకు చదువు దేనికి?" దీనికి ఒక్క వాక్యం రాయాలి. ఉద్యోగం, సెటిల్ అవడం, మంచి పేరు అనే మాటలు వాడకూడదు. మొదటి పది నిమిషాలు పెన్ను కొరుకుతూ కూర్చుంటారు. కూర్చోనివ్వండి. తర్వాత వచ్చే వాక్యాలు చూడండి. "అమ్మని బెంగళూరు బిల్డింగ్ పనికి పంపకుండా ఉండాలి." "ఆస్పత్రిలో నా మీద అరవకుండా మాట్లాడాలి." ఒకమ్మాయి రాసింది: "నాన్న వేలిముద్ర వేసిన అప్పు నోటులో ఏముందో నేను చదవాలి." ఆ కాగితం మీద నేనేం దిద్దలేదు. దానికి తర్వాత వస్తాను.

ఈ వాక్యం పేజీకి అట్టడుగున రాయించండి. పైన ఖాళీ ఉంచాలి.

పని చేసేవాళ్లని చూసి రావాలి

పిల్ల ఏ పని గురించి మాట్లాడుతుందో ఆ పని చేసే మనిషి దగ్గర ఒక పూట కూర్చోబెట్టండి. సినిమాలో చూసింది లెక్కలోకి రాదు. నాలుగు ప్రశ్నలు అడిగి రావాలి: పొద్దున రాగానే మొదట చేసే పనేంటి, ఏం చదివి ఇక్కడికి వచ్చారు, మొదటి జీతం ఎంత, మళ్లీ పదో తరగతి నుంచి మొదలుపెడితే ఏం మారుస్తారు. నాలుగో ప్రశ్నకి వచ్చే జవాబు ఏ కెరీర్ గైడ్‌లోనూ దొరకదు.

నర్సు అవుతానన్న అమ్మాయిని టీకాల బుధవారం నాడు పీహెచ్‌సీకి పంపాను. సాయంత్రం వచ్చి, "మేడమ్, సిస్టర్ సూది వేసింది తక్కువ, రిజిస్టర్లు రాసింది ఎక్కువ" అంది. మొహం వాడిపోయి ఉంటుందనుకున్నాను. కాదు, సంబరపడుతోంది. ఏ పిల్లకి ఏ టీకా ఎప్పుడు వేయాలో తేదీలతో సహా ఒక పేజీ ఎక్కించుకొచ్చింది. ఆ పిల్లకి రాత పని ఇష్టం. అది మాకిద్దరికీ ఆ రోజే తెలిసింది. పోలీసు అంటూ తిరిగే ఒక అబ్బాయి మాత్రం తిరునాళ్ల బందోబస్తులో వాళ్ల చిన్నాన్న పక్కన రాత్రంతా నిలబడి, పొద్దున కాళ్లు లాగుతున్నా "అయినా అదే మేడమ్" అన్నాడు. సరే, అలాంటివాడికి మనం అడ్డం రాకూడదు.

మార్కులు చూసి తొందరపడొద్దు. లెక్కల్లో 41 తెచ్చుకున్న ఒకడు ఇంట్లో మిర్చి పట్టీ చూసేవాడు. గుంటూరు యార్డులో అమ్మితే వచ్చే కాగితం అది. ఎన్ని టిక్కీలు (బస్తాలు), తూకం ఎంత, క్వింటాకి రేటు ఎంత, అందులో కమీషన్ పోను, కాటా కూలి పోను చేతికి ఎంత రావాలి, అంతా నోటితోనే చెప్పేవాడు. ఒకసారి పట్టీలో తప్పు పట్టి వాళ్ల నాన్నని వెనక్కి పంపాడు కూడా. వీడికి లెక్కలు రావని నేనెలా రాయను? ఇంటర్లో సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) తీసుకున్నాడు, తర్వాత బీకాం.

అక్కడి నుంచి వెనక్కి నడవండి

ఇది అసలు పని. చూసొచ్చిన పనిని పేజీ పైన రాసి, అక్కడి నుంచి మెట్టు మెట్టుగా కిందికి రావాలి. నర్సు పిల్ల కాగితం ఇలా ఉండేది. పైన స్టాఫ్ నర్సు. దాని కింద రెండు గీతలు: ఒకటి బీఎస్సీ నర్సింగ్, 4 ఏళ్లు, ఇంకోటి జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా, 3 ఏళ్లు. జీఎన్ఎం నుంచి పక్కకి చిన్న గీత: కావాలంటే తర్వాత 2 ఏళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ. వాటి కింద ఇంటర్, బైపీసీ. దాని కింద పదో తరగతి. అట్టడుగున తన వాక్యం. ప్రతి మెట్టు పక్కన మూడు అంకెలు రాయాలి: ఎన్నేళ్లు, ఎంత ఖర్చు, ఇంటి నుంచి ఎన్ని కిలోమీటర్లు. ఈ మూడోది తండ్రులకి అన్నిటికంటే ముందు కావాలి. అది రాసి ఉంటే సగం గొడవ తగ్గుతుంది.

కిందికి వచ్చేటప్పుడు ఏ తలుపు తెరుచుకుంటుందో, ఏది మూసుకుంటుందో తెలియాలి. ఎంపీసీ తీసుకుంటే మామూలుగా డాక్టరు దారి మూసినట్టే, బైపీసీ తీసుకుంటే ఇంజినీరింగ్ దారి మూసినట్టే. కానీ కలెక్టరు కావాలంటే ఎంపీసీయే తీసుకోవాలన్నది ఎవరు పుట్టించారో కానీ పచ్చి అబద్ధం. సివిల్స్‌కి ఏ డిగ్రీ అయినా చాలు. కానిస్టేబుల్‌కి ఇంటర్ ఉండాలి, ఏ గ్రూపైనా ఫరవాలేదు. అయిదేళ్ల లా కోర్సుకి కూడా ఇంటర్లో ఏ గ్రూపైనా సరిపోతుంది, లాసెట్ రాయాలి. ప్రైమరీ టీచరు కావాలంటే ఇంటర్ తర్వాత డీఈఈసెట్ రాసి రెండేళ్ల డీఈడీ చేయొచ్చు.

ఇంటర్ వద్దనుకునేవాళ్లకి పాలిటెక్నిక్ ఉంది. పాలిసెట్ రాసి మూడేళ్లు డిప్లొమా చేస్తే, ఆపైన ఈసెట్‌తో బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరొచ్చు. దీన్ని చాలామంది "మార్కులు రానివాళ్ల చదువు" అంటారు. నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు, వెల్డర్ ఒక ఏడాది; తర్వాత అప్రెంటిస్‌గా వెళ్లొచ్చు. మంచి మార్కులొచ్చే పల్లెటూరి పిల్లలకి ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీలు ఉన్నాయి. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మొదలయ్యాయి. తర్వాత ఒంగోలు, శ్రీకాకుళం వచ్చాయి. ఎంట్రన్స్ ఉండదు, పదో తరగతి మార్కుల మీదే సీటు. రెండేళ్లు పీయూసీ (ఇంటర్ లాంటిదే), నాలుగేళ్లు బీటెక్, మొత్తం ఆరేళ్లు అక్కడే. ఆరేళ్లు హాస్టల్లో ఉండగలదా అన్నది ముందే అడగండి, సీటొచ్చాక కాదు.

నేను 2015లో తప్పు దారి పట్టించిన అమ్మాయి ఒక ఏడాది ఇంట్లో ఉండి, మరుసటి ఏడు రెండేళ్ల వ్యవసాయ డిప్లొమాలో చేరింది. పదో తరగతితో చేరే ఆ కోర్సు ఉందని నాకే అప్పటిదాకా సరిగ్గా తెలియదు. 2019లో సచివాలయ ఉద్యోగాలు పడ్డప్పుడు వ్యవసాయ సహాయకురాలిగా ఎంపికైంది. ఇప్పుడు రైతు సేవా కేంద్రంలో ఉంటుంది. మా తోటికోడలి చేనుకి మందు చెప్పిందీ తనే.

చివరగా పక్కన ఇంకో గీత పెన్సిల్‌తో గీయించండి. అది రెండో దారి. మొదటిది కుదరకపోతే ఏ మెట్టు దగ్గర పక్కకి తిరగాలో దాని మీద ఉండాలి.

ఇంట్లో ఒప్పించడం

కాగితం పిల్ల చేతే చూపించాలి, మీరు టీచరైతే పక్కన ఉండాలి అంతే. ఆడపిల్లల విషయంలో నేను తండ్రి కంటే ముందు మేనమామతో మాట్లాడతాను. మా వైపు ఆయన మాటకి బరువెక్కువ. "ఆరేళ్లు చదివిస్తాం" అంటే బెదిరిపోతారు. "ముందు ఈ రెండేళ్లు, బస్సులో వెళ్లొస్తుంది, తర్వాత మళ్లీ కూర్చుందాం" అంటే వింటారు. పెళ్లి మాట ఎత్తితే పద్దెనిమిది నిండాలన్న చట్టం గుర్తు చేస్తాను, గొంతు పెంచకుండా.

కాలేజీ వాళ్లు ఇంటికి వస్తే వినండి, తప్పులేదు. ఆ రోజే అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి. ట్యూషన్ ఫీజు ఎంత, హాస్టల్ ఎంత, పుస్తకాలు, యూనిఫాం పేరుతో ఇంకెంత, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు, టీసీ ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఇవన్నీ కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వనంటే మీకు జవాబు దొరికినట్టే.

పరీక్ష ముందు ఒక్క గంట కాగితాల కోసం

అందరూ వదిలేసేది ఇదే. పదో తరగతి మెమోలో పడ్డ పేరు, పుట్టిన తేదీ జీవితాంతం వెంట వస్తాయి. నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల జాబితా, పంపేటప్పుడు స్కూల్లో సంతకం పెట్టమంటారు కదా, అప్పుడు ఆధార్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చండి. మా స్కూల్లో ఒక అబ్బాయి ఇంటిపేరులో ఒక్క ఇంగ్లీషు అక్షరం ఎక్కువ పడింది. స్కాలర్‌షిప్ కోసం వాళ్ల నాన్న మూడు రోజుల కూలి పోగొట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. కుల, ఆదాయ ధ్రువపత్రాలు కౌన్సెలింగ్ ముందు రోజు కాదు, వేసవి సెలవులు మొదలవగానే పెట్టుకోండి. స్టడీ సర్టిఫికెట్లు చదివిన ప్రతి స్కూలు నుంచీ తెచ్చుకోవాలి. వలస వెళ్లొచ్చిన కుటుంబాలకి ఇదే పెద్ద టెన్షన్.

ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే, గవర్నమెంటు స్కూలైతే, ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష రాయించండి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 వస్తాయి.

పరీక్ష తప్పితే? అదే వేసవిలో సప్లిమెంటరీ ఉంది. కాగితం చించేయకండి, పక్కన తేదీ మార్చండి. ఎప్పుడో చదువు ఆగిపోయిన అమ్మలకి కూడా ఓపెన్ స్కూల్ ఉంది, ఆపైన ఓపెన్ యూనివర్సిటీలు ఉన్నాయి. మా స్కూల్లో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ కూతురి పుస్తకాలతోనే ఓపెన్ టెన్త్ పాసైంది.

నోటు సంగతి చెప్తానన్నాను. ఆ అమ్మాయి కాగితం పైన "లాయరు" అని ఉండేది, రెండో దారిలో బ్యాంకు. మార్కాపురంలో ఒక వకీలు దగ్గర పూట కూర్చుని వచ్చింది, ఇంటర్లో హెచ్ఈసీ (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్) తీసుకుంది. పోయిన నెల స్టడీ సర్టిఫికెట్ కోసం వచ్చింది, లాసెట్‌కి కావాలట. బ్యాగులోంచి ఒక జిరాక్స్ తీసి నా టేబుల్ మీద పెట్టింది. వాళ్ల నాన్న ప్రామిసరీ నోటు.

"తేదీ చూశావా?" అన్నాను.

"చూశాను మేడమ్, ఇంకా మూడేళ్లు దాటలేదు, అంటే నోటు ఇంకా చెల్లుతుంది. కానీ వడ్డీ నూటికి రెండు అని చెప్పి, ఇందులో మూడు రాశారు. నాన్నకి నిన్న రాత్రే చెప్పాను."