నగర దృశ్యాన్ని నటింపజేసి ఫొటో తీసే ముందు జాగ్రత్తలు

కెనడాలోని వాంకూవర్‌లో ఫొటోగ్రాఫర్ జెఫ్ వాల్ తాను వీధిలో చూసిన సంఘటనను నటులతో మళ్లీ ఆడించి 1982లో ‘మిమిక్’ అనే ఫొటో తీశారు. హైదరాబాద్ వీధుల్లో అలాంటి ప్రయత్నం చేసేవారు ముందుగా అనుమతుల సంగతి చూసుకోవాలి. రోడ్డయితే స్థానిక పోలీసులకు తెలపాలి, మెట్రో స్టేషనయితే యాజమాన్యం నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి.

గొడవ, దొంగతనం వంటి దృశ్యాలను నిజమనుకుని దారినపోయేవారు అడ్డుపడవచ్చు, 100కు ఫోన్ కూడా చేయవచ్చు కనుక, చుట్టుపక్కల దుకాణదారులకు ముందే చెప్పి, ఫ్రేముకు రెండు వైపులా మనిషిని నిలబెట్టడం తప్పనిసరి.

సూర్యాస్తమయం తర్వాత ఆకాశంలో వెలుతురు, దుకాణాల దీపాలు సమానంగా కనిపించే సమయం అరగంట కూడా ఉండదు. అందుకే ముందురోజు అదే వేళకు రిహార్సల్ చేసి, నటులు నిలబడాల్సిన చోట నేలపై సుద్దతో గుర్తులు పెట్టాలి. పసుపుపచ్చని వీధిదీపాలున్న చోట ఫ్లాష్‌కు ఆ రంగు జెల్ (కాంతి రంగు మార్చే పారదర్శక పొర) తగిలించాలి. బస్సుల గాలికి లైట్ స్టాండు ఒరగకుండా కాళ్లపై ఇసుక సంచులు వేయాలి. వైర్లను టేపుతో నేలకు అంటించాలి.

నటుల నుంచి సంతకంతో అంగీకారపత్రం తీసుకోవాలి, పిల్లలుంటే తల్లిదండ్రులు సంతకం చేయాలి. ఫుట్‌పాత్ వ్యాపారి ఫ్రేములో ఉంటే అడగకుండా తీయడం నా దృష్టిలో అన్యాయం; ఆ సాయంత్రం ఆయన నష్టపోయే బేరానికి తగిన డబ్బును ముందే చేతికివ్వాలి.