దాళ్వా కోతలయ్యాక చేలో గోల్ఫ్ ఆడటం ఎలా?

గోల్ఫ్ అనగానే క్లబ్బు సభ్యత్వం, పచ్చిక గుట్టలు, తెల్ల బూట్లు గుర్తొస్తాయి. మన గోదావరి డెల్టాలో గుట్టలెక్కడివి? కానీ దాళ్వా కోతలై, కాలువలు కట్టేశాక తొలకరి దాకా చాలా చేలు ఖాళీగానే ఉంటాయి. రెండెకరాలు దొరికితే మూడు గుంతల ఆట సుబ్బరంగా సాగుతుంది.

ముందు చేను అడగండి. భూమి ఆసామిని అడిగితే సరిపోదు, కౌలు రైతునీ అడగాలి. జనుమో మినుమో చల్లితే ఆ చేను వదిలేయండి. కొట్టే దిశలో ఇళ్ళు, రోడ్డు, గేదెలు ఉండకూడదు. పక్కకీ చూసుకోండి, కొత్తవాళ్ళ బంతి ఎక్కువగా పక్కకే పోతుంది. బంతి బరువు 46 గ్రాములకు మించదు గానీ తగిలితే రాయి దెబ్బే.

అసలు పనంతా గ్రీన్ దగ్గరే. గుంత చుట్టూ బంతి దొర్లే ఆ నున్నటి జాగాకి మన దగ్గర కళ్లం ఉందిగా! ఆరు మీటర్ల చదరంలో వరి దుబ్బులు పారతో చెక్కేసి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి, పేడనీళ్ళతో రెండుసార్లు అలకండి. ఆరాక బంతి క్యారమ్ బోర్డు మీద స్ట్రైకర్‌లా పోతుంది. ఇదేమీ నామోషీ కాదు. గడ్డి బతకని చోట్ల పాత క్లబ్బులు కూడా ‘బ్రౌన్స్’ అని ఇసుక గ్రీన్లే వాడేవి.

గుంత వెడల్పు నిబంధన ప్రకారం 108 మిల్లీమీటర్లు, లోతు కనీసం నాలుగు అంగుళాలు. రొయ్యల చెరువుల దగ్గర మిగిలిపోయిన 110 పీవీసీ పైపు ముక్క దించితే దాదాపు సరిపోతుంది. అంచు మాత్రం నేలకి అంగుళం కిందే ఉండాలి. ఓ సన్న వెదురుకి ఎర్రగుడ్డ కడితే అదే జెండా. గుంతకి నలభై నుంచి డెబ్భై మీటర్ల దూరంలో మొదటి దెబ్బ.

పద్నాలుగు కర్రల దాకా ఉంచుకోవచ్చు గానీ సెకండ్ హ్యాండ్‌లో సెవెన్ ఐరన్ (దూరం కొట్టడానికి), పిచింగ్ వెడ్జ్ (దగ్గర నుంచి ఎత్తుగా లేపడానికి), పుటర్ (గ్రీన్ మీద దొర్లించడానికి) కొంటే చాలు. మొదటి దెబ్బకి బంతిని కొబ్బరిపీచు పట్టా మీద పెట్టుకోండి, మణికట్టు అదరదు. మావాళ్ళంతా మొదట్లో బొండాం నరికినట్టు కొట్టారు. అలా వద్దు. కర్రని నడుము ఎత్తు దాకా వెనక్కి తీసి, ముందుకీ అంతే వదలండి. బంతిని పైకి లేపే పని కర్ర వాలుదే, మీది కాదు.

ఇక నెర్రెలు. నల్లరేగడి ఎండితే చెయ్యి దూరేంత బీటలు, బంతేమో 43 మిల్లీమీటర్లే. మా ఒప్పందం ఇదీ: నెర్రెలో పడితే జరిమానా లేదు. కర్ర పొడవు లోపల, గుంతకి దగ్గర కాకుండా, మోకాలి ఎత్తు నుంచి మరో బంతి వదలాలి. దుబ్బుల్లో పోతే వెతకడానికి మూడు నిమిషాలే. తర్వాత ఒక దెబ్బ కలుపుకుని మొదట కొట్టిన చోటికి వెళ్ళాల్సిందే. బోదెలో నీళ్ళుంటే ఒక దెబ్బ జరిమానా. ఎండిపోతే దిగి కొట్టేయొచ్చు. పసుపు బంతి కొనకండి, గడ్డిలో కలిసిపోతుంది.

ఒక్కో గుంతకి పార్, అంటే బంతిని గుంతలో వేయడానికి పట్టాల్సిన దెబ్బల లెక్క, మూడు. మూడు చుట్లు తిరిగితే తొమ్మిది గుంతలు, మొత్తం పార్ 27. తెల్లారి అయిదున్నరకి మొదలెట్టి ఎండ ముదరక ముందే ఇంటికొచ్చేయాలి. బంతి ఎవరివైపైనా పోతే ‘ఫోర్!’ అని అరవడం ఆనవాయితీ. మేం అరిస్తే గట్టు మీద పిల్లలు బౌండరీ అనుకుని చప్పట్లు కొట్టారు. అందుకే ఇప్పుడు ‘తప్పుకో!’ అంటున్నాం.

కాలువలకి నీళ్ళొదిలే ముందు పైపు ముక్కలు లెక్కపెట్టి పీకేయండి. ఓ ఏడు మేం ఒకటి మర్చిపోయాం. దమ్ము చేసే ట్రాక్టరు చక్రం కింద అది పగిలి, ముక్క రైతు కాల్లో దిగింది. మరుసటి ఏడు ఆ చేను మాకివ్వలేదు.