అల్లం వెల్లుల్లి పేస్టు సంగతి

ఐబీఎస్ (తరచూ కడుపునొప్పి, ఉబ్బరంతో వేధించే పేగుల సమస్య) కోసం లో ఫాడ్‌మ్యాప్ డైట్‌లో (పేగుల్లో పులిసి గ్యాస్ చేసే కొన్ని పిండిపదార్థాలు తగ్గించే తిండి పద్ధతి) ఉండి, ఉల్లిపాయ మానేసినా కడుపుబ్బరం తగ్గట్లేదంటే ముందు ఫ్రిజ్‌లో ఉన్న అల్లం వెల్లుల్లి పేస్టు సీసా వైపు చూడండి. నేను రెండు వారాలు అదే తప్పు చేశాను. అల్లంతో గొడవ లేదు, తంటా అంతా వెల్లుల్లిలోని ఫ్రక్టాన్లు అనే అలాంటి పిండిపదార్థాలతోనే. అవి నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. అందుకే పులుసులో వేసిన రెబ్బల్ని తర్వాత ఏరేసినా లాభం లేదు, అప్పటికే అంతా పులుసులోకి దిగిపోయుంటుంది. అదే నూనెలో నాలుగు రెబ్బలు ఎర్రగా వేయించి, పూర్తిగా తీసేసి (టమాటా, నీళ్లు పోయకముందే!), ఆ నూనెతో పోపు పెడితే ఘుమఘుమలాడుతుంది, కడుపూ ఊరుకుంటుంది. ఆ నూనె ఏ పూటకాపూట చేసుకోండి, బయట నిల్వ ఉంచితే బాట్యులిజం (ఒక బ్యాక్టీరియా విషంతో వచ్చే ప్రాణాంతక జబ్బు) ప్రమాదం.

పేస్టే కావాలంటే అల్లం, కొత్తిమీర, ఒక పచ్చిమిర్చి, ఉల్లికాడల్లో పచ్చటి భాగం మాత్రం కలిపి నూరుకోండి, కాడల కింది తెల్ల భాగం వద్దు. చిటికెడు ఇంగువ పడితే ఇంట్లోవాళ్లు తేడా కనిపెట్టలేరు, మా అత్తయ్య తప్ప.

కొన్న కూర పేస్టులైతే వెనక చిన్న అక్షరాలు చదవాల్సిందే, ఉల్లి పొడి, వెల్లుల్లి పొడి చాలావాటిల్లో ఉంటాయి.