పట్టేసిన చెప్పుల మిషన్‌ను విరగ్గొట్టకుండా వదిలించడం ఎలా?

చెప్పులు, బ్యాగులు బాగుచేసే కొట్లలో సన్నగా పొడుగాటి చేయి ఉన్న నల్ల మిషన్ చూసే ఉంటారు. ఆ చేయి బూటు లోపలికి దూరుతుంది, పైన తల ఎటు తిప్పితే కుట్టు అటు నడుస్తుంది. అదే సింగర్ 29కె. ఆ ‘కె’ స్కాట్లాండ్‌లో, క్లైడ్‌బ్యాంక్‌లోని కిల్బోవీ ఫ్యాక్టరీ గుర్తు. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. అంటే అసలు 29కె మీ చేతికి ఏది వచ్చినా నలభై ఏళ్లు దాటినదే. పాత సామాన్ల కొట్టు నుంచి దాన్ని తెచ్చుకుని, చక్రం తిరగలేదని సుత్తి అందుకునేవాళ్లను చూస్తే నాకు కడుపు మండిపోతుంది. నా దగ్గరికి వచ్చేవాటిలో తుప్పుతో చచ్చిపోయినవి తక్కువ, విప్పబోయి విరగ్గొట్టినవే ఎక్కువ.

కావలసినవి: డీజిల్, ఆటోమేటిక్ కార్ల గేర్‌బాక్సుల్లో పోసే ఏటీఎఫ్ ఆయిల్, పాత టూత్‌బ్రష్, జుట్టు ఆరబెట్టుకునే డ్రయర్, 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్, చిన్న సుత్తి, ఇత్తడి కడ్డీ ముక్క, మంచి స్క్రూడ్రైవర్లు, ఆకురాయి. కిరోసిన్ దొరికితే డీజిల్ బదులు అదే వాడండి. విప్పే ప్రతి భాగానికీ ముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ఎక్కడ పట్టిందో ముందు తెలుసుకోవాలి. చక్రాన్ని వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ కదిపి చూడండి. రబ్బరులా కాస్త లొంగి ఆగితే దారం చుట్టుకుని ఉండాలి, లేదా నూనె ముదిరి ఉండాలి. రాయిలా ఆగిపోతే తుప్పు. ఏదైనా సరే, మొదట షటిల్ (కింది దారం బాబిన్ కూర్చునే భాగం) తీసేయండి. దాని వెనక దారం ముక్కలు, తోలు పొడి కలిసి గట్టి ఉండలా పట్టి ఉంటాయి. అది సూదితో పెకలించేస్తే చాలా మిషన్లు అక్కడే తిరగడం మొదలెడతాయి. తిరగలేదా, చక్రం మీద బలం పెట్టొద్దు. ఆ బలమంతా చేయి లోపల షటిల్‌ను తిప్పే పళ్ల కడ్డీ మీదా, చిన్న పళ్ల చక్రాల మీదా పడుతుంది. ఒక్క పన్ను ఊడితే షటిల్ టైమింగ్, అంటే సూదితో దానికి కుదిరిన లయ, పోయినట్టే.

తర్వాత నూనె రంధ్రాల్లో, కదిలే ప్రతి కీలులో డీజిల్, ఏటీఎఫ్ సగం సగం కలిపి పోసి ఒక రాత్రి వదిలేయండి. తుప్పు వదిలించే డబ్బా స్ప్రే కొట్టి పది నిమిషాల్లో తిప్పేయాలని చూసేవాళ్లు ఉన్నారు. స్ప్రే పైపైన పారి ఆరిపోతుంది, ఈ మిశ్రమం సందుల్లో నిలబడి పనిచేస్తుంది. కొందరు అసిటోన్ కలుపుతారు. నేను కలపను. బంగారు రంగు అక్షరాలూ పెయింటూ లేచిపోతాయి, వేడి పనికి నిప్పు ప్రమాదం తోడవుతుంది.

మర్నాడు డ్రయర్‌తో తల భాగాన్ని బాగా వేడెక్కనివ్వండి. మన దగ్గర ఇలాంటి మిషన్లలో వంటనూనె పోసినవాళ్లు కూడా ఉన్నారు. అది ఏళ్లు గడిచేకొద్దీ ముదురు పాకంలా మారి, ఇనుమును ఇనుముకు అతికించేస్తుంది. వేడి తగిలితే గోధుమరంగు తీగలా సాగుతూ బయటికొస్తుంది. బ్రష్‌తో తుడిచి, మళ్లీ మిశ్రమం పోసి, మళ్లీ వేడి పెట్టండి. తల చుట్టూ ఉండే రింగు ఇలాగే వదులుతుంది. పటకారుతో పట్టి తిప్పారంటే, తోలును నొక్కి పట్టే పాదాన్ని నడిపే లివర్ వంగిపోతుంది.

ఇక అసలు కష్టం స్క్రూలది. నిదానంగా చదవండి.

ఈ మిషన్‌లోని స్క్రూలకు సింగర్ సొంత మరలు (స్క్రూ ఒంటి మీద మెలితిరిగే గాట్లు). బజార్లో దొరికే ఎం4, ఎం5 స్క్రూలు వాటిలో పట్టవు. పట్టినట్టనిపించి బలవంతంగా బిగిస్తే పోతపోసిన బాడీలోని మర కోసుకుపోతుంది. అందుకే ఒక్క స్క్రూ తల కూడా చెడకూడదు.

స్క్రూడ్రైవర్ అంచు గాడి పొడవునా, లోతునా నిండుగా కూర్చోవాలి. బయట కొనేవాటి అంచు ఏటవాలుగా ఉంటుంది, బలం పెట్టగానే పైకి జారి గాడిని కొరికేస్తుంది. ఆకురాయితో రెండు వైపులా సమానంగా రుద్ది, అంచును బల్లపరుపుగా చేసుకోండి. గాడిలోని మట్టిని సూదితో గీకి తీసేశాకే స్క్రూడ్రైవర్ పెట్టండి. ఇది చాదస్తం అనుకునేవాళ్లు ఉంటారు. నేను ఒకసారి తొందరపడి సరిపోని స్క్రూడ్రైవర్‌తో తిప్పాను, గాడి సగం ఊడిపోయింది. ఆ ఒక్క స్క్రూ తీయడానికి నాకు 2 రోజులు పట్టింది.

సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద 5 నిమిషాలు ఆనించి ఉంచండి. అంతకు ముందు చుట్టూ ఉన్న డీజిల్‌ను గుడ్డతో పూర్తిగా తుడిచేయాలి, తలుపు తీసి పెట్టుకోవాలి. వేడికి స్క్రూ ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు తిరిగి ముడుచుకుంటుంది. ఆ కదలికకే తుప్పు పొర చిట్లుతుంది. చేతితో తాకగలిగేంత చల్లారాక ఒక చుక్క మిశ్రమం వేస్తే మరల్లోకి తనంతట తనే లాక్కుంటుంది. తల మీద ఇత్తడి కడ్డీ నిలబెట్టి సుత్తితో తట్టండి. కొట్టడం కాదు, తలుపు తట్టినట్టు, ఇరవై ముప్ఫై సార్లు.

ఇప్పుడు స్క్రూను ముందు బిగించే వైపు తిప్పండి. ఔను, బిగించే వైపే. కాస్త కదిలిందా, వెనక్కి తిప్పండి. పావు చుట్టు వెనక్కి, అర పావు ముందుకి, మళ్లీ వెనక్కి. మధ్యలో కీచుమంటే ఆగి, చుక్క మిశ్రమం వేయండి. ఆ కీచు శబ్దం వింటూనే తిప్పినవాళ్ల చేతిలో స్క్రూ తల మాత్రమే మిగులుతుంది. కదలకపోతే వేడి, చల్లార్పు, చుక్క, తట్టడం మళ్లీ మొదటినుంచి. నాలుగు రోజులు పట్టినా సరే. గ్యాస్ టార్చ్ జోలికి మాత్రం వెళ్లొద్దు. పోతపోసిన ఇనుము ఒకచోట వేడెక్కి, పక్కన చల్లగా ఉంటే పగుళ్లు ఇస్తుంది.

పిన్నులు వేసిన భాగాలుంటే రెండు చివర్లూ కొలవండి. పాత మిషన్లలో చాలా పిన్నులు ఒకవైపు కాస్త సన్నగా ఉంటాయి, తేడా కంటికి సరిగా ఆనదు. సన్నటి వైపు నుంచే కొట్టాలి, కింద చెక్క ముక్క ఆధారం పెట్టాలి. లావు వైపు నుంచి కొడితే ఇంకా బిగుసుకుంటుంది, పిన్ను దూరి ఉన్న ఇనుప చెవి విరుగుతుంది. పోత ఇనుము వంగి హెచ్చరించదు, ఒక్కసారే పుటుక్కుమంటుంది.

వదిలిన భాగాల మీది తుప్పును సన్నటి ఎమరీ పేపర్‌తో, నూనె వేసి రుద్దండి. సూదిని పట్టి ఉంచే కడ్డీని, అంటే నీడిల్ బార్‌ను మాత్రం ఎమరీ పేపర్‌తో రుద్దొద్దు, అరిగితే సూది ఊగుతుంది. దానికి గుడ్డ, మెటల్ పాలిష్ చాలు.

అన్నీ తిరిగి బిగించాక కుట్టు మిషన్ ఆయిల్ మాత్రమే పోయండి. సూది, దారం లేకుండా రోజూ పది నిమిషాల చొప్పున వారం రోజులు చేత్తో తిప్పండి. సందుల్లోంచి నల్లటి నూనె వస్తుంటే తుడిచి, మళ్లీ పోయండి. గుడ్డకు నలుపు అంటడం ఆగిన రోజున సూది పెట్టి, పాత తోలు ముక్క మీద కుట్టి చూడండి.